అతుకుల బొంత: నిదానంగా బ్లాకులు కుట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటి హాల్లో చాపలు పరుచుకుని ఏడెనిమిది మందిమి బొంత బ్లాకులు కుట్టుకుంటాం. మల్కాజిగిరి నుంచి వచ్చేవాళ్ళున్నారు, మెహదీపట్నం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళున్నారు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ దాదాపు అవే సందేహాలు. రాలేనివాళ్ళు రాత్రి పది దాటాక ఫోటో పంపి "అక్కా, ఇది విప్పేయాలా?" అని అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవక్కర్లేదు, మీ పని ఎక్కడ ఆగిందో అక్కడ చూసుకోండి.

## మొదలుపెట్టే ముందు

బ్లాకు అంటే ఏంటి? మా అమ్మమ్మ కుట్టిన బొంతకీ దీనికీ తేడా ఏంటి?

అమ్మమ్మలు పాత చీరలను మూడు నాలుగు పొరలుగా పరిచి, అంచు నుంచి మధ్యకు వరసగా కుట్లు వేసుకుంటూ వచ్చేవాళ్ళు. చిరిగిన చోట మాత్రం ఒక ముక్క అతికేవాళ్ళు. బ్లాకుల పద్ధతిలో ముందు పై పొరనే ముక్కలతో తయారుచేస్తాం. చిన్న చిన్న ముక్కలు కలిపి ఒక చదరం కుడతాం. అదే బ్లాకు. అలాంటివి ముప్పై నలభై అయ్యాక వాటిని కలిపితే పై పొర వస్తుంది. కింద మెత్తటి పొర, అడుగున అస్తరు పెట్టి మూడింటినీ కలిపి కుడితే బొంత.

బ్లాకు అరచేతి కంటే కాస్త పెద్దది, అంతే. చేతిసంచిలో పడుతుంది. పిల్లల ట్యూషన్ బయట, ఆస్పత్రి వరండాలో, మెట్రోలో సీటు దొరికితే అక్కడ కూడా కుట్టుకోవచ్చు.

నాకు గుండీ కుట్టడం కూడా సరిగా రాదు. మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. దీనికి కావలసింది ఒక్క కుట్టే: సూదిని పైకీ కిందికీ పోనిచ్చే మామూలు పరుగు కుట్టు. మొదటి నాలుగు బ్లాకులు వంకరగా వస్తాయి. పదో బ్లాకుకి చెయ్యి కుదురుతుంది. ఆ మొదటి నాలుగింటిని మాత్రం పారేయకండి, అవి కూడా బొంతలోకి వెళ్తాయి.

చేత్తో కుట్టాలా, మిషన్ మీదా?

రెండూ సరైనవే. మిషన్ మీద కుట్టు గట్టిగా, త్వరగా వస్తుంది. కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు పెట్టుకోండి. సూది నుంచి కొలిచి పావు అంగుళం దగ్గర, మిషన్ పలక మీద ఒక టేపు ముక్క అంటించండి. బట్ట అంచు ఆ టేపుకు ఆనుకుని నడిస్తే చాలు. ఇంట్లో పాత చేతి మిషన్ ఉంటే ఇంకా మంచిది. అది మనం తిప్పినంత నిదానంగానే వెళ్తుంది.

చేత్తో అయితే ఒక బ్లాకుకు గంట, గంటన్నర పడుతుంది. నేను చేత్తోనే కుడతాను. మోకాళ్ళ మీద బట్ట పెట్టుకుని కుడుతుంటే ఆ ముక్క ఎక్కడిది, ఎవరిది అని ఆలోచించే తీరిక దొరుకుతుంది. మిషన్ చప్పుడులో నాకు ఆ తీరిక దొరకదు.

మొదటి బొంత ఎంత సైజు పెట్టుకోవాలి?

చంటిపిల్లల బొంత పెట్టుకోండి: 36 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు. 6 అంగుళాల బ్లాకులు 36 కుడితే సరిపోతుంది. సింగిల్ మంచానికి కావాలంటే 12 అంగుళాల బ్లాకులు అడ్డంగా ఐదు, నిలువుగా ఏడు. మొత్తం 35 బ్లాకులకు 60 × 84 అంగుళాలు వస్తుంది. డబుల్ కాట్ బొంతతో మొదలుపెట్టి అటక మీద పెట్టేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

"పాత గుడ్డలతో బొంత ఏంటి, కొత్త దుప్పటి కొనుక్కోలేమా" అని మా అత్తగారు అంటున్నారు. ఏం చెప్పాలి?

ఆవిడ మాటలో బాధ ఉండొచ్చు. ఒక తరం ముందు చాలా ఇళ్ళలో బొంత కప్పుకున్నది ఇష్టంతో కాదు, వేరే దారి లేక. "గంతకు తగ్గ బొంత" అనే సామెతలోనూ, పనికిమాలిన రాతను "అతుకుల బొంత" అనడంలోనూ ఆ చిన్నచూపే ఉంది. కాబట్టి వాదించకండి. ఒక బ్లాకు చేతికిచ్చి "ఇది మీ ఫలానా చీర ముక్క" అని చూపించండి.

బొంత కుట్టు మన ఒక్క ఊరిదీ కాదు. బెంగాల్లో కాంథా ఉంది, సింధ్, రాజస్థాన్‌లలో రల్లీ ఉంది. ఉత్తర కర్ణాటక అడవుల్లో ఆఫ్రికా మూలాలున్న సిద్ధి ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. దాని నాలుగు మూలల్లో బట్టను మడిచి పువ్వులా పెట్టనిదే వాళ్ళ లెక్కలో బొంత పూర్తయినట్టు కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనికి వేసుకున్న పాత బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్‌లోని పెద్ద ఆర్ట్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. ఆ బొంతల్లో ఒక్క గీత కూడా స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు.

## బట్ట, కత్తిరింపు

పేరంటాల్లో వచ్చిన జాకెట్ పీసులు బీరువా నిండా ఉన్నాయి. వాడొచ్చా?

కాటన్‌వి వాడొచ్చు. చిక్కేమిటంటే, వాయనాల్లో చేతులు మారే జాకెట్ పీసుల్లో చాలా భాగం పాలిస్టర్ కలిసినవి. అవి ఇస్త్రీకి లొంగవు, జారిపోతాయి, కాటన్‌తో పాటు ముడుచుకోవు. తెలుసుకోవడానికి అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింక్ దగ్గర అగ్గిపుల్లతో వెలిగించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పూస మిగిలితే ఆ పీసు పక్కన పెట్టేయండి.

ఒక లెక్క చెప్తాను. 36 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) ఉన్న 80 సెంటీమీటర్ల పీసు నుంచి 2.5 అంగుళాల చదరాలు జాగ్రత్తగా కోస్తే నూట యాభై పైనే వస్తాయి. తొమ్మిది ముక్కల బ్లాకులు 36 కుట్టడానికి కావలసినవి 324. అంటే మూడు పీసులు చాలు. కానీ రంగులు కలవాలంటే ఎనిమిది, పది పీసుల నుంచి కొంచెం కొంచెం తీసుకోండి.

హైదరాబాద్‌లో బొంతకి బట్ట ఎక్కడ కొనాలి?

ముందు కొనకండి. మీ వీధి టైలర్ని అడగండి. కాటన్ కట్ పీసులు చాలావరకు ఊరికే ఇస్తారు. ఇంకా కావాలంటే సికింద్రాబాద్ జనరల్ బజార్, కోఠి దగ్గర సుల్తాన్ బజార్, చార్మినార్ వైపు మదీనా, పత్తర్‌గట్టి. ఇంటి దగ్గరి మ్యాచింగ్ సెంటర్లో టూ బై టూ రుబియా (జాకెట్లకు వాడే సన్నటి బట్ట) పావు మీటరు కూడా ఇస్తారు, రంగులు లెక్కలేనన్ని. బొంత అడుగు పొరకు మాత్రం వెడల్పు పన్నా పాప్లిన్ లేదా మెత్తబడిన పాత కాటన్ దుప్పటి చాలు.

కత్తిరించే ముందు ఉతకాలా? కొత్త బట్టే కదా.

తప్పకుండా. కాటన్ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, ఒక్కో బట్ట ఒక్కోలా. కుట్టాక ముడుచుకుంటే ఒక ముక్క లాగేసి పక్క ముక్కను ముడతలు పెడుతుంది. రంగు సంగతి ఇంకా ముఖ్యం. నా రెండో బొంతలో ఒక కొట్టులో కొన్న ఎర్ర పాప్లిన్ ఉతక్కుండా వాడాను. మొదటి ఉతుక్కే పక్కన ఉన్న తెల్ల ముక్కలన్నీ గులాబీ రంగయ్యాయి. ఎనిమిది నెలల పని. ఇప్పుడు ఎరుపు, మెరూన్, ముదురు నీలం బట్టలను చల్లటి నీళ్ళలో విడివిడిగా నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మారుస్తాను. తర్వాత తడి బట్టను తెల్ల చేతిరుమాలు మీద గట్టిగా నొక్కి చూస్తాను. మరక పడితే ఇంకా దిగుతోందని అర్థం.

అమ్మ పోయింది. ఆమె చీరలతో బొంత కుట్టాలని ఉంది కానీ కత్తెర పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువగా పక్క గదిలోకి తీసుకెళ్ళి అడుగుతారు. నేనూ మా అమ్మ నారాయణపేట చీరను రెండేళ్ళు మడత విప్పలేదు.

తొందరేం లేదు. ఆమెకు బాగా ఇష్టమైన చీర జోలికి ఇప్పుడే వెళ్ళకండి. దాన్ని అలాగే దాచుకోండి. ఇంట్లో కట్టుకుని నలిగిన చీర ఒకటి తీసుకోండి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఎక్కడ పలచబడిందో కనిపిస్తుంది. సాధారణంగా కొంగు, కాళ్ళ దగ్గరి అంచు నలిగిపోతాయి. మొదట చుట్టుకునే లోపలి చెరగు గట్టిగా ఉంటుంది. అక్కడి నుంచి ఒక్క జానెడు ముక్క తీయండి, అంతే. చీర చీరగానే ఉంటుంది. ఆ జానెడులో నుంచి 2.5 అంగుళాల చదరాలు కొన్ని వస్తాయి, ఒక్కో బ్లాకు మధ్యలో ఒక్కొక్కటి పెట్టండి. మిగతా ముక్కలు వేరే బట్టలవి కావచ్చు.

బట్ట మరీ పలచగా ఉంటే వెనక మల్‌మల్ ముక్క పెట్టి రెండూ ఒకటే పొరలా కుట్టండి. పసుపు మరక ఉన్న చోటును కొందరు కత్తిరించి పారేస్తారు. నేనైతే ఉంచాను.

పోచంపల్లి ఇక్కత్ ముక్కల్లో డిజైన్ సరిగ్గా మధ్యలోకి రావడం లేదు. గీతలు కూడా చెదిరినట్టున్నాయి. ఎలా కోయాలి?

ఇక్కత్‌లో గీత చెదరడం దాని పుట్టుకలోనే ఉంది. నేయకముందే నూలు పోగులను కట్టి రంగుల్లో ముంచుతారు. మగ్గం మీద ఆ రంగులు పక్కపక్కన చేరేటప్పుడు పోగులు కొద్దిగా జరుగుతాయి, అందుకే అంచు ఈకలా కనిపిస్తుంది. కాబట్టి డిజైన్ గీత వెంట కోయకండి, పోగు వెంట కోయండి. అంచు దగ్గర ఒక పోగును మెల్లగా లాగితే బట్ట మీద సన్నటి దారి పడుతుంది. ఆ దారి మీద కత్తెర నడపండి. డిజైన్ పక్కకు పోయినా ముక్క సాగదు.

ఇక్కత్‌తో ఒక సుఖం, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఏది పైది ఏది కిందిది అని వెతుక్కోనక్కర్లేదు. కలంకారీ అద్దకం బట్టకు మాత్రం పై వైపు చూసుకోవాలి.

కుట్టుకు ఎంత వదలాలి?

అన్ని వైపులా పావు అంగుళం. పూర్తయ్యాక 2 అంగుళాలు కనిపించాల్సిన చదరాన్ని 2.5 అంగుళాలు కోయాలి. అలాంటివి వరసకు మూడు చొప్పున మూడు వరసలు కలిపితే బ్లాకు 6.5 అంగుళాలు వస్తుంది, పక్క బ్లాకులతో కలిశాక 6 కనిపిస్తుంది. కొలతకు అట్ట కావాలంటే పాత పెళ్ళి శుభలేఖలు చాలా బాగుంటాయి. గట్టిగా ఉంటాయి, అంచు నలగదు. ఒక్కటే అట్ట పెట్టుకుని అన్ని ముక్కలూ దానితోనే గీయండి. కోసిన గుడ్డ ముక్కను కొలతగా పెట్టి ఇంకొకటి కోస్తే ప్రతిసారీ కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది.

## కుట్టేటప్పుడు

దారం ఊరికే చిక్కు పడుతోంది. ఏం చేయాలి?

మూరెడు దారమే తీసుకోండి. పొడవు దారంతో మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందనుకుంటాం, కానీ చిక్కు తీయడానికి అంతకంటే ఎక్కువ సమయం పోతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి దారాన్ని లాగితే మెలి పడదు. దారం కాటన్‌దే వాడండి.

అంగుళానికి ఎన్ని కుట్లు పడాలి? నావి పెద్దవిగా వస్తున్నాయి.

చేత్తో అయితే అంగుళానికి ఎనిమిది నుంచి పది మంచిది. ఆరు పడినా పరవాలేదు, కానీ నాలుగైదు కుట్లకోసారి ఒకటి వెనక్కి వేయండి. అప్పుడు ఎక్కడైనా దారం తెగినా వరసంతా ఊడిపోదు. మొదట్లో, చివర్లో రెండుసార్లు వెనక్కి కుట్టండి.

వారానికి ఒక్క బ్లాకే అవుతోంది. మిగతావాళ్ళు నెలలో బొంత పూర్తిచేస్తున్నారు. నేను మరీ స్లోనా?

వారానికి ఒకటి అంటే 36 బ్లాకులు తొమ్మిది నెలల్లోపు అయిపోతాయి. అది చక్కటి వేగం. నేను నెలకు రెండే కుట్టిన రోజులు ఉన్నాయి, మా నాన్నగారికి ఒంట్లో బాగోలేనప్పుడు.

త్వరగా కుట్టాలని టెన్షన్ పడితే చెయ్యి బిగుసుకుంటుంది. దారం బిగుసుకుంటే బట్ట ముడత పడుతుంది, బ్లాకు చిన్నదవుతుంది. ఒక కూర్చునే వేళకు ఒకే పని పెట్టుకోండి. ఒకరోజు కత్తిరింపు, ఒకరోజు ముక్కలు వరసలో పేర్చి గుండుసూదులు గుచ్చడం, ఇంకో రెండు రోజులు కుట్టు. పాత చాక్లెట్ డబ్బాలో ఒక్క బ్లాకుకు సరిపడే ముక్కలు, సూది, దారం సర్దుకుంటే పావుగంట దొరికినా పని సాగుతుంది.

ప్రతి కుట్టుకీ ఇస్త్రీ చేయాలా?

ప్రతి కుట్టుకీ అక్కర్లేదు. వేలిగోరుతో గట్టిగా గీసి నొక్కితే చాలు. బ్లాకు పూర్తయ్యాక మాత్రం ఇస్త్రీ చేయండి. పెట్టెను అటూ ఇటూ రుద్దకూడదు, ఎత్తి పెట్టి, మళ్ళీ ఎత్తాలి. రుద్దితే ముక్కలు సాగి చదరం కాస్తా గాలిపటంలా అవుతుంది. కుట్టు మడతను ముదురు రంగు బట్ట వైపు తిప్పండి, లేత రంగు కింద నీడలా కనిపించదు.

త్రిభుజాల బ్లాకు కుడితే సాగిపోతోంది. నా చెయ్యి మంచిది కాదా?

చెయ్యి సంగతి కాదు, బట్ట సంగతి. చదరాన్ని మూల నుంచి మూలకు కోస్తే ఆ అంచు పడుగు (నిలువు పోగులు) వెంటా ఉండదు, పేక (అడ్డం పోగులు) వెంటా ఉండదు. క్రాస్‌లో ఉంటుంది, లాగితే సాగుతుంది. అందుకే ముందు కుట్టి తర్వాత కోయండి. 4 అంగుళాల చదరాలు రెండు, ఒకటి లేతది, ఒకటి ముదురుది, ముఖాముఖి పెట్టండి. మూల నుంచి మూలకు పెన్సిల్ గీత గీసి, దానికి రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టండి. ఇప్పుడు గీత మీద కోస్తే రెండు రంగుల చదరాలు రెండు వస్తాయి. వాటిని 3.5 అంగుళాలకు సరిచేసుకోండి.

## తప్పు కనిపించినప్పుడు

ఏ తప్పు విప్పాలి, ఏది వదిలేయాలి?

నాకు అందరికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, కొంచెం వివరంగా చెప్తాను.

నేను ఒక్కటే చూస్తాను: ఈ తప్పు బొంతను బలహీనం చేస్తుందా, లేక కంటికి మాత్రమే కనిపిస్తుందా? బలహీనం చేసేవి విప్పాలి. కుట్టు బట్ట అంచుకు మరీ దగ్గరగా, 3 మిల్లీమీటర్ల కంటే తక్కువలో పడితే విప్పండి, లేకపోతే రెండో మూడో ఉతుక్కి పోగులు జారి నోరు తెరుస్తుంది. కుట్టు మధ్యలో కింద బట్ట మడత పడి ఇరుక్కుంటే విప్పండి. అక్కడ గట్టి ముద్దలా ఉండి రోజూ రాపిడికి చిరుగుతుంది. ముక్క పలచబడి వెలుతురు కనిపిస్తుంటే మార్చండి. చివర ముడి వదులైతే మళ్ళీ వేయండి.

కంటికి మాత్రమే కనిపించేవి వదిలేయొచ్చు. నాలుగు ముక్కలు కలిసే చోట రెండు మూడు మిల్లీమీటర్ల తేడా, ఒక ముక్క తలకిందులుగా పడటం, ఒక కుట్టు పెద్దది ఒకటి చిన్నది, రంగు అనుకున్న చోట కాకుండా పక్క చోట పడటం, ఇవన్నీ బొంత వెచ్చదనాన్ని ఏమీ తగ్గించవు. బొంతను ఎవరూ కళ్ళకు రెండు అంగుళాల దూరంలో పెట్టుకుని చూడరు. బ్లాకును నేల మీద పెట్టి నిలబడి చూడండి. నిలబడ్డ ఎత్తు నుంచి తప్పు వెతుక్కోవాల్సి వస్తే, దాన్ని అలాగే ఉండనివ్వండి.

రాత్రి తొమ్మిది దాటాక ఏ కుట్టూ విప్పకండి. అలసిపోయిన కళ్ళకు ప్రతిదీ తప్పులాగే కనిపిస్తుంది. మడిచి డబ్బాలో పెట్టి మర్నాడు పగటి వెలుతురులో చూడండి. మా ఆదివారం బృందంలో "రేపు విప్పుతాను" అని వెళ్ళినవాళ్ళలో చాలామంది విప్పకుండానే తిరిగి వస్తారు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వదిలేయడం అంటే అజాగ్రత్త కాదు. కొలత సరిగ్గా వేయండి, నిదానంగా కుట్టండి, మీ చేతనైనంత బాగా కుట్టండి. అదంతా చేశాక కూడా మిగిలే చిన్న తేడా గురించే నేను మాట్లాడుతున్నది.

మూలలు ఎంత చూసుకున్నా కలవడం లేదు.

రెండు వరసలు కలిపే ముందు, పై వరస కుట్టు మడతలను ఒక వైపుకు, కింద వరసవి రెండో వైపుకు నొక్కండి. అప్పుడు రెండు మడతలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని కూర్చుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడ నిలువుగా ఒక గుండుసూది గుచ్చి, దాని పక్క నుంచి కుట్టండి. వరస చివర నుంచి కాకుండా ఆ కలిసే చోటు నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ కుట్టినా బాగా కుదురుతుంది.

నా బ్లాకులన్నీ 6.5కి బదులు 6 అంగుళాల చిల్లర వస్తున్నాయి. అన్నీ పాడైనట్టేనా?

కాదు. మీరు కుట్టుకు ఒక మిల్లీమీటరు ఎక్కువ తీసుకుంటున్నారు, అంతే. తొమ్మిది ముక్కల బ్లాకులో ఒక వైపు రెండు కుట్లు ఉంటాయి, ఒక్కో కుట్టులో రెండు ముక్కలు చేరతాయి. ఒక్కో ముక్క దగ్గర ఒక మిల్లీమీటరు పోతే బ్లాకుకు నాలుగు పోతుంది. ఆరు బ్లాకుల వరసకు 24 మిల్లీమీటర్లు, దాదాపు ఒక అంగుళం. అన్నీ ఒకేలా చిన్నవైతే ఏ ఇబ్బందీ లేదు, బ్లాకులు కలిపే కుట్లు కూడా లెక్కేస్తే బొంత ఒక అంగుళం పైచిలుకు చిన్నదవుతుంది. ఇప్పుడు మధ్యలో పద్ధతి మార్చుకోకండి, ఆ చేతి కొలతతోనే చివరిదాకా కుట్టండి.

ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే వేరే దారి ఉంది. ప్రతి బ్లాకు చుట్టూ ఒకే రంగు పట్టీ కొంచెం వెడల్పుగా వేసి, తర్వాత అన్నిటినీ ఒకే కొలతకు సరిచేయండి. పట్టీలు కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటాయి, బ్లాకు మాత్రం ఎక్కడా తెగదు.

విప్పి విప్పి బట్ట చిల్లులు పడింది.

ఒకే కుట్టును రెండుసార్లకు మించి విప్పకండి. పలచటి కాటన్ మూడోసారికి తట్టుకోదు. విప్పేటప్పుడు దారం పట్టి లాగకుండా, మూడు నాలుగు కుట్లకోసారి తెంపి రెండో వైపు నుంచి దారం తీసేయండి. చిల్లులు పడ్డ చోట కొద్దిగా నీళ్ళు చల్లి గోరుతో గీకితే పోగులు మళ్ళీ దగ్గరవుతాయి. కాకపోతే ఆ ఒక్క ముక్క మార్చండి.

బొంతలో కావాలనే ఒక తప్పు కుట్టాలంటారు, దేవుడే పరిపూర్ణుడు కాబట్టి. నిజమేనా?

ఈ మాట అమెరికాలోని ఆమిష్ మతస్థుల బొంతల గురించి ఎక్కువగా చెప్తారు. బొంతల చరిత్ర రాసినవాళ్ళు వెతికితే దానికి ఆధారం దొరకలేదు, తర్వాత పుట్టిన కథ అని తేల్చారు. నా మాట కూడా అదే. కావాలని తప్పు చేయాల్సిన అవసరం మనకు లేదు. జాగ్రత్తగా కుట్టండి, రావలసినవి వాటంతట అవే వస్తాయి.

ఫోన్లో మిగతావాళ్ళ బొంతలు చూస్తే నాది చూపించాలంటే సిగ్గుగా ఉంది.

ఆ ఫోటోలో బొంతను పరిచి, ఇస్త్రీ చేసి, వంకర ఉన్న మూలను మడిచి తీస్తారు. నేనూ అలాగే తీశాను. మా ఇంటికి వస్తే నా మొదటి బొంత తిరగేసి వెనక వైపు చూపిస్తాను. ముడులు, వేలాడే దారాలు, ఒకచోట నీలం దారం అయిపోయి పచ్చ దారంతో కుట్టిన వరస కూడా ఉంది.

## బ్లాకులు కలిపేటప్పుడు

ఏ బ్లాకు పక్కన ఏది పెట్టాలో తేలడం లేదు.

ఒక పాత ఫ్లానెల్ దుప్పటిని గోడకు వేలాడదీయండి. కాటన్ బ్లాకులు దానికి అతుక్కుంటాయి, ఫ్యాన్ గాలికి కూడా పడవు. రెండు రోజులు అలా ఉంచి వంట చేస్తూ, ఊడుస్తూ చూస్తూ ఉండండి. ఫోన్లో ఫోటో తీసి రంగులు తీసేసి నలుపు తెలుపులో చూస్తే ముదురు ముక్కలన్నీ ఒక మూల చేరాయా అన్నది తెలిసిపోతుంది. బాగా వంకరగా వచ్చిన బ్లాకులను అంచుల్లో కాకుండా మధ్యలో పెట్టండి. అంచులు తిన్నగా ఉంటే బొంత మొత్తం తిన్నగా కనిపిస్తుంది.

ఒక బ్లాకు పక్కదాని కంటే కొంచెం పెద్దది. ఎలా కలపాలి?

మూడు నాలుగు మిల్లీమీటర్ల తేడా అయితే సర్దుకుంటుంది. రెండు చివర్లు, మధ్య కలిపి గుండుసూదులు పెట్టి, మిగిలిన వదులును సమంగా పంచండి. మిషన్ మీద అయితే పెద్దది కింద ఉండేలా పెట్టండి, బట్టను ముందుకు నడిపే మిషన్ కింది పళ్ళు దాన్ని కొద్దిగా లోపలికి లాక్కుంటాయి.

అంచు పట్టీ వేశాక బొంత అలలు అలలుగా లేస్తోంది.

పట్టీని అంచు వెంట పెట్టుకుంటూ పోయి చివర కోశారన్నమాట. అంచు సాగి ఉంటుంది. పై పొర మధ్యలో అడ్డంగా, నిలువుగా కొలిచి, ఆ కొలతకు పట్టీ కోసి, అంచును దానికి సర్దండి.

మన ఎండలకు మధ్యలో ఏం పెట్టాలి?

హైదరాబాద్‌లో బొంత నిజంగా అవసరమయ్యేది డిసెంబర్, జనవరి రాత్రుల్లోనే. మిగతా రోజుల్లో ఏసీ గదిలోనో, తెల్లవారుజామున కూలర్ ముందరో. అందుకే పాలిస్టర్ షీటు పెట్టొద్దంటాను, చెమట పట్టిస్తుంది. మెత్తబడిన పాత కాటన్ చీర రెండు మడతలు, లేదా ఒక పాత ఫ్లానెల్ దుప్పటి చాలు. ఏకిన దూది నింపితే వెచ్చగా ఉంటుంది కానీ దగ్గర దగ్గరగా కుట్టకపోతే ఉతికినప్పుడు ఒక మూలకు చేరుతుంది.

అస్తరును పై పొర కంటే అన్ని వైపులా 2 అంగుళాలు పెద్దది తీసుకోండి. మూడు పొరలూ నేల మీద పరిచి, మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద టాకాలు (తర్వాత తీసేసే కుట్లు) వేసుకోండి. ఆ తర్వాత అసలు కుట్టు. రెండు వరసల మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు మించనివ్వకండి.

## బొంత పూర్తయ్యాక

ఎలా ఉతకాలి?

చల్లటి నీళ్ళు, తేలికపాటి సబ్బు ద్రవం. పిండొద్దు, తడి బొంత బరువుకే కుట్లు తెగుతాయి. బకెట్లో నుంచి ఎత్తేటప్పుడు రెండు చేతులతో కింద నుంచి పట్టుకోండి. డాబా మీద రెండు తీగల మీదుగా నీడలో పరవండి. మొదటి ఉతుకు తర్వాత కాటన్ కొద్దిగా ముడుచుకుని బొంతంతా సన్నటి ముడతలు తేలతాయి. మీరు రాత్రుళ్ళు బాధపడ్డ మూలలు, హెచ్చుతగ్గుల కుట్లు ఆ ముడతల్లో కలిసిపోతాయి. వానాకాలంలో పెట్టెలో పెట్టే ముందు బాగా ఆరనివ్వండి, మడతల్లో ఎండిన వేపాకు వేయండి.

కోడలి సీమంతానికి బహుమతిగా ఇస్తున్నాను. తప్పులు ముందే చెప్పాలా?

చెప్పకండి. బొంత చేతిలో పెట్టగానే "ఇక్కడ కుదరలేదమ్మా, ఇక్కడ వంకర పోయింది" అంటే ఆ అమ్మాయి కళ్ళు కూడా అక్కడికే వెళ్తాయి. దాని బదులు ముక్కల సంగతి చెప్పండి: ఇది మీ ఆయన చిన్నప్పటి చొక్కా, ఇది నా పెళ్ళిలో పెట్టిన చీర. రంగు దిగుతుందా, ఎలా ఉతకాలి అన్నది మాత్రం తప్పక చెప్పండి.

రెండేళ్ళ క్రితం 14 బ్లాకులు కుట్టి ఆపేశాను. ఇప్పుడు కుట్టేవి వాటికి కలవడం లేదు, ఇప్పటివి బాగా వస్తున్నాయి. పాతవి పారేయనా?

పారేయకండి, విప్పకండి. రెండేళ్ళలో మీ చెయ్యి మారింది. పాతవీ కొత్తవీ చదరంగం గళ్ళలా కలిపి పెట్టండి. కొలత తేడా ఉంటే పాతవాటి చుట్టూ సన్నటి పట్టీ వేయండి. 14 పాతవి, 22 కొత్తవి కలిస్తే పిల్లల బొంతకు సరిపడా 36 అవుతాయి.

రోజూ వాడితే చిరుగుతుంది కదా, దాచిపెట్టాలా?

వాడండి. పెట్టెలో మడతల మీదే ఉంటే ఆ మడతల దగ్గరే బట్ట ముందు చిట్లుతుంది. చిరిగితే ఆ చోటు కంటే అన్ని వైపులా అర అంగుళం పెద్ద ముక్క తీసుకుని, అంచులు లోపలికి మడిచి, చిన్న కుట్లతో అతకండి. బొంత కుట్టినప్పుడు మిగిలిన ముక్కలను ఒక చిన్న సంచిలో వేసి బొంతతో పాటే ఉంచండి. బొంతను ఉతికినప్పుడల్లా ఆ సంచిని కూడా ఉతకండి, అప్పుడు రెండూ ఒకేలా వెలుస్తాయి, అతుకు కొత్తగా కొట్టొచ్చినట్టు కనిపించదు.